హైదరాబాద్‌లో టీవీ మ్యూజిక్ షో షూటింగ్: ఏ స్టూడియో, ఎక్కడ బస, ఏ వరుస

టీవీలో గంటసేపు వచ్చే పాటల పోటీకి స్టూడియోలో షూటింగ్ జరిగే హాలు, అంటే ఫ్లోర్‌ మీద మూడు నాలుగు గంటలు సులువుగా పడుతుంది. ఎడిటింగ్‌లో ఎగిరిపోయే ఆ మిగతా సమయం కోసమే సంగీతం ఇష్టమున్నవాళ్లు వెళ్లాలి. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి బాలు గారి దిద్దుబాట్ల కోసమే టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎందరో. ఏ షో అయినా అలాంటి దిద్దుబాటు పూర్తి నిడివితో దొరికేది సెట్‌లోనే. పాటలో తప్పిన సంగతిని, అంటే ఆ స్వరాల విరుపును, జడ్జి రెండు మూడుసార్లు పాడి చూపిస్తారు, ప్రసారంలో అందులో ఒక్కటే మిగులుతుంది.

ప్రేక్షకుల్లో కూర్చునే పాస్, ఛానల్ ప్రకటన ద్వారానో, పోటీలో ఉన్నవాళ్ల కుటుంబం ద్వారానో, ఆడియన్స్ కోఆర్డినేటర్ ద్వారానో వస్తుంది. కోఆర్డినేటర్లు మామూలుగా కృష్ణానగర్ నుంచి జనాన్ని రోజు కూలికి తెచ్చి కూర్చోబెడతారు. అంటే ప్రేక్షకుడికే డబ్బిచ్చే పని ఇది. సీటు కోసం ఎవరైనా మిమ్మల్ని డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి.

ఛానల్ పేరు చూసి స్టూడియో ఊహించుకోవద్దు. షో తీసే నిర్మాణ సంస్థ వేరే ఉండొచ్చు, ఫ్లోర్ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సెట్ పడుతుంది. పాస్ మీద ఉన్న చిరునామానే నమ్మండి. అమీర్‌పేట వైపు సారథి స్టూడియోస్, బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ అయితే వెళ్లడం తేలిక. అన్నపూర్ణకు యూసఫ్‌గూడ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే చాలు. రామోజీ ఫిల్మ్ సిటీ మాత్రం ఎల్బీనగర్ మెట్రో దాటాక విజయవాడ హైవే మీద ఇంకో 20 కిలోమీటర్ల దూరం. హైవే గేటు నుంచి ఫ్లోర్ దాకా మళ్లీ లోపల ప్రయాణం ఉంటుంది, దానికి బండి ఎవరు పంపుతారో ముందే అడగాలి. టూరిస్టు టికెట్ కొన్నంత మాత్రాన షూటింగ్ ఫ్లోర్‌లోకి పంపరు.

బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లకు సిటీ స్టూడియో అయితే అమీర్‌పేటలో బస మేలు, రెండు మెట్రో లైన్లు అక్కడే కలుస్తాయి. ఫిల్మ్ సిటీ అయితే ఎల్బీనగర్ లేదా హయత్‌నగర్. లోపలే సితార, తార హోటళ్లున్నాయి గానీ ఒక్క షో కోసం అంత ఖర్చు అక్కర్లేదు.

తెల్ల చొక్కా లైట్లకు మెరిసిపోతుంది. సన్న గీతలు, చిన్న గళ్లు కెమెరాలో అలలు అలలుగా కదులుతాయి. కంపెనీ లోగో ఉంటే వెనక వరుసకు పంపేస్తారు. ముదురు రంగు ప్లెయిన్ బట్టలే మంచివి. ఏసీ చలి గట్టిగా ఉంటుంది, శాలువా తప్పనిసరి. ఫోన్లు చాలాచోట్ల గేటు దగ్గరే తీసుకుంటారు, కాబట్టి ఇంటివాళ్లకు ముందే చెప్పి రండి. చిన్నపిల్లల్ని తేవద్దు, టేక్ మధ్యలో లేవనివ్వరు.

సీటు విషయంలో చాలామంది ముందు వరుస కోసం తోసుకుంటారు. అక్కడ కెమెరాలు, తలల మీదుగా తిరిగే జిమ్మీ జిబ్ (పొడవాటి కెమెరా క్రేన్) వేదికను కప్పేస్తాయి. డ్రమ్స్ పక్కన అయితే గాయకుడి గొంతే వినిపించదు. మైకుల్లోకి శబ్దం తిరిగి దూరకుండా ఫ్లోర్ స్పీకర్లను తగ్గించే ఉంచుతారు, అందుకని వినడానికి మధ్య వరుసల్లో, మధ్యకు దగ్గరగా ఉన్న సీటే సరైనది. బ్రేక్ తర్వాత అదే సీట్లో కూర్చోవాలి, లేకపోతే కంటిన్యుటీ దెబ్బతింటుంది, అంటే ముందు షాట్‌కూ తర్వాత షాట్‌కూ పొంతన కుదరదు. చాలాసార్లు చప్పట్లు, ఆశ్చర్యపోయే ముఖాలు పాట లేకుండానే విడిగా తీస్తారు, విసుక్కోకుండా చేసిపెట్టండి. పాట నడుస్తున్నప్పుడు మాత్రం కలిసి పాడొద్దు. మీ గొంతు గాయకుడి మైకులో పడితే ఆ పిల్లవాడు మళ్లీ మొదటి నుంచి పాడాల్సి వస్తుంది, మొదటి టేక్‌లో ఉన్న ఊపు రెండోసారికి తగ్గుతుంది.

మైకు మొరాయించినా, లైటు పోయినా షెడ్యూల్ జారుతుంది. రాత్రి 11 దాటితే మెట్రో మీద ఆశ పెట్టుకోకుండా క్యాబ్ డబ్బులు దగ్గర ఉంచుకోండి.