పాత ఎన్‌గ్రేవింగ్ యంత్రానికి వీఎఫ్‌డీయా, కొత్త మోటారా?

పాత పాంటోగ్రాఫ్ ఎన్‌గ్రేవింగ్ (నమూనా గీతలను కీళ్ల చేతులతో అనుసరిస్తూ అక్షరాలు చెక్కే), మిల్లింగ్ యంత్రాలలో చాలావాటికి త్రీఫేజ్ మోటారే ఉంటుంది. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటు మాత్రమే ఉన్నవారు మోటారునైనా మార్చాలి, వీఎఫ్‌డీనైనా (సింగిల్ ఫేజ్ కరెంటును త్రీఫేజ్‌గా మార్చి మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) పెట్టుకోవాలి.

మోటారు మార్చడం పైకి తేలిక. షాఫ్టు వ్యాసం, బిగింపు రంధ్రాలు కలిస్తే ఒక పూటలో పని అయిపోతుంది. అయితే 50 హెర్ట్జ్ సింగిల్ ఫేజ్ మోటారు టార్క్ (తిప్పే బలం) సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది కాబట్టి, ఆ అదురు బెల్టు మీదుగా స్పిండిల్‌ను (చెక్కే పనిముట్టును తిప్పే ఇరుసును) చేరితే సన్నని అక్షరాల అంచులు నునుపుగా రాక చిన్న అలల్లా కనిపిస్తాయి. చెక్కడానికే కొన్న యంత్రానికి ఇది చిన్న లోపం కాదు. అందుకే నా మొగ్గు వీఎఫ్‌డీ వైపు.

దానితో మోటారు నిలకడగా తిరుగుతుంది, బెల్టు మార్చకుండానే వేగం సవరించుకోవచ్చు. చిక్కంతా టెర్మినల్ పెట్టెలో ఉంది. మామూలు 230 వోల్టుల వీఎఫ్‌డీ 400 వోల్టులు ఇవ్వదు కనుక, స్టార్‌లో (మూడు తీగచుట్టల ఒక్కో కొసను ఒకే ముడిగా) కలిపిన వైండింగును 230 వోల్టులకు సరిపోయేలా డెల్టాలోకి (మూడింటినీ త్రిభుజంలా కలిపే పద్ధతిలోకి) మార్చాలి. ఆరు కొసలూ బయటికి వచ్చి ఉంటే రాగి పలకల అమరిక మార్చి బిగిస్తే చాలు. మూడే ఉంటే స్టార్ ముడిని వైండింగు లోపల వెతికి విప్పాలి, అక్కడ పాతబడిన ఇన్సులేషన్ వేలు తగిలితేనే పొడిగా రాలవచ్చు. యంత్రం మీది పాత స్విచ్చును వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య ఉంచకూడదు. రెండు వేగాల మోటారైతే ఈ డెల్టా మార్పు తరచూ కుదరదు, అప్పుడు మోటారు మార్చడమే నయం.