సూర్యారావుపేటలో ఒక కౌన్సెలింగ్ కేంద్రం: మెచ్చుకోవలసినది, మార్చుకోవలసినది

పెదనాన్నగారు కాలం చేశాక మా పెద్దమ్మకు గుండెదడ, ఒళ్ళంతా మంటలు మొదలై, నిద్ర పూర్తిగా కరువైంది. పరీక్షలన్నీ చేయించినా ఏ లోపమూ తేలకపోవడంతో, తెలిసినవారి సలహా మీద విజయవాడ సూర్యారావుపేటలోని ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకువెళ్ళాము.

అక్కడి కౌన్సెలర్ గారు జబ్బు పేరు చెప్పడంతో మొదలుపెట్టకుండా, "మీకేమైందని మీరనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. దిష్టి తగిలిందని, ఆయన మీది బెంగ తనను తినేస్తోందని చెబుతూ పెద్దమ్మ జబ్బకు కట్టుకున్న తాయెత్తు చూపించింది. దానిని తీసేయమని ఆవిడ అనలేదు. ఎవరు కట్టారు, కట్టిన తరువాత నిద్ర పట్టిందా, ఇంకా ఎవరెవరి దగ్గరకు వెళ్ళారు అని ఓపికగా అడిగి రాసుకున్నారు. మానసిక రుగ్మతలను గుర్తించడానికి వైద్యులు వాడే అమెరికన్ మార్గదర్శక గ్రంథం డీఎస్ఎం-5 (2013)లో ఇటువంటి 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఉంది. తన బాధకు రోగి చెప్పుకునే కారణమేమిటో, ఎవరి సాయం కోరారో అందులో అడుగుతారు. మన ఊళ్ళో దానిని ఇంత సహజంగా వాడేవారు ఉన్నందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది.

అయితే నమ్మకాన్ని గౌరవించడమంటే వైద్యాన్ని పక్కన పెట్టడమని ఆవిడ అనుకోలేదు. తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా మహిమతో నయమవుతుందన్న నమ్మకంతో తెచ్చి గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది 2001 ఆగస్టులో మంటల్లో చనిపోయిన సంగతి గుర్తున్నవారికి ఈ జాగ్రత్త ఎంత అవసరమో తెలుస్తుంది. "తాయెత్తు ఉండనివ్వండి, మాత్ర మాత్రం మానకండి" అని చెప్పి సైకియాట్రిస్టు దగ్గరకు పంపారు. పెద్దమ్మ వెళ్ళడం మానేసిన సాయంత్రపు భజనకు మళ్ళీ వెళ్ళమని కూడా ప్రోత్సహించారు. పెద్దమ్మకు ఇప్పుడు నిద్ర పడుతోంది.

నాకు నచ్చనిది ఒకటుంది. మన కుటుంబాల తీరు ఇంతే కదా అన్నట్టు, పెద్దమ్మను అడగకుండానే కొడుకునూ కోడలినీ గదిలో కూర్చోబెట్టారు. కోడలి ముందు ఆమె నోరు విప్పలేదు. ఇంటివాళ్ళ అండ తప్పకుండా కావాలి, కానీ ఎవరుండాలో చెప్పవలసింది ఆమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. మేము అడిగాక ఒంటరిగా మాట్లాడారు గానీ, చెక్క అడ్డుగోడ అవతల కూర్చున్న మాకు సగం మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఫీజుల బోర్డు కూడా లేదు. ముందే అడిగి తెలుసుకోవాలి.

పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారికి ఈ కేంద్రాన్ని సిఫారసు చేస్తాను. రాత్రి వేళ ఇది తెరిచి ఉండదు కనుక, అప్పుడు అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.