భార్యాభర్తల దుకాణానికి దారి చూపిన ఆడిటర్ గారు

విజయవాడ వన్‌టౌన్‌లో మాది జాకెట్టు ముక్కలు, ఫాల్సు అమ్మే దుకాణం. బేరాలు నేను చూస్తాను, సరుకు తేవడం మా ఆయన పని. పాల బాకీ, పిల్లల ఫీజులు, చీటీ వాయిదా అన్నీ గల్లాపెట్టెలోంచే పోయేవి. లెక్క తేలని రాత్రి ఇంట్లో మాటలుండేవి కావు.

గవర్నరుపేటలోని ఈ ఆడిటర్ గారు పన్ను మాట ఎత్తకముందే నా వైపు తిరిగి, "అమ్మా, మీ జీతమెంత?" అని అడిగారు. అన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది!

భాగస్వామ్య సంస్థ పెట్టుకోవచ్చన్నారు, కానీ తొందరపెట్టలేదు. సంస్థ లాభంపై మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను పడుతుందనీ, పాన్ మారుతుంది కాబట్టి జీఎస్టీ నంబరు కూడా కొత్తది తీసుకోవాలనీ ముందే చెప్పారు. పనిచేసే భాగస్వామి జీతం ఒప్పంద పత్రంలో రాసి ఉంటేనే, అదీ పరిమితి మేరకే, ఖర్చుగా చూపనిస్తారట. పత్రంలోని ప్రతి షరతునూ తెలుగులో చదివి వినిపించారు. ఒకరు తప్పుకుంటే సరుకుకు విలువ ఎలా కట్టాలన్న చోట మా ఆయన ఆగిపోయారు. ఆడిటర్ గారు కలం పక్కన పెట్టి, మేము మాట్లాడుకునేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. ఆ ఓపికకే నా మార్కులన్నీ.

ఇప్పుడు జీతాలు ఎవరి ఖాతాలోకి వారికి వెళ్తున్నాయి. ఇంటి ఖర్చు అందులోంచే.

రిటర్నుల గడువు దగ్గరపడితే మాత్రం ఆయన ఫోను ఎత్తరు. ముందుగానే వెళ్లండి, ఇద్దరూ కలిసే వెళ్లండి.