కుక్కలకు చోటిచ్చిన సరస్సు ఒడ్డు: వాలు బాగుంది, నీళ్ల కుళాయే దూరం

కుక్కలను అనుమతిస్తామని చెప్పే సరస్సు తీరాలు చాలావరకు పేరుకే అలా ఉంటాయి. లోపలికి రానిస్తారు గాని నీటి దగ్గరకు పోనివ్వరు. ఈ తీరంలో మాత్రం ఇసుక ఒడ్డులో ఒక భాగాన్ని కంచె వేసి కుక్కలకే కేటాయించారు. అక్కడ పట్టీ విప్పవచ్చు. జనం ఈదే చోటా, భోజనాల పచ్చికలోనూ పట్టీ తప్పనిసరి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒడ్డు వాలు. నీరు ఉన్నట్టుండి లోతెక్కకుండా చాలా దూరం మోకాలి లోతే ఉండటంతో, నీటికి కొత్త అయిన మా కుక్క మొదట ముందుకాళ్లు తడుపుకొని, అలను వాసన చూసి వెనక్కి గెంతి, కాసేపటికి పొట్ట తడిసేదాకా తనంతట తానే వెళ్లింది.

భోజనపు బల్లలన్నీ చెట్ల కిందే ఉన్నాయి. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల్లోనే; ఒంటి వేడి తగ్గాలంటే అది నాలుక చాచి రొప్పవలసిందే కాబట్టి, నీడ లేని ఒడ్డుకు ఎండవేళ దాన్ని తీసుకువెళ్లకూడదు. బల్లల కింద మాత్రం ఎవరో వదిలేసిన ఉడికించిన ఎముకలు కనిపించాయి. అవి పదునుగా చీలి పేగులను గాయపరుస్తాయి గనుక, కూర్చునే ముందు అక్కడ ఒకసారి వెతికి తీసేయడం మంచిది.

పెద్ద లోటు తాగునీరు. కుళాయి వాహనాలు నిలిపే చోట మాత్రమే ఉన్నందున, ఆటలో అలసిన కుక్కలన్నీ సరస్సు నీటినే తాగుతున్నాయి. నీలి ఆకుపచ్చ నాచు పెరిగిన నీటిలో కాలేయాన్నీ నాడీమండలాన్నీ దెబ్బతీసే విషాలు ఉండవచ్చు. ఆ నీటిని తాగకపోయినా, తడిసిన బొచ్చును నాకినా చాలు, కొన్ని సందర్భాల్లో గంటల్లోనే ప్రాణం పోతుంది. నీటి పరీక్ష ఫలితాల పలక పెట్టినందుకు నిర్వాహకులను మెచ్చుకోవాలి, కానీ దాని మీది తేదీ బాగా పాతది. వేసవిలో ఆ పలకను వెంటవెంటనే మార్చాలని, కంచె పక్కనే ఒక కుళాయి పెట్టించాలని వారికి గట్టిగా చెప్పి వచ్చాను.

మలం ఎత్తే సంచులు ద్వారం దగ్గరే ఉచితంగా దొరుకుతాయి, డబ్బాలు శుభ్రంగా ఉన్నాయి. మలంలోని ఫాస్ఫరస్, నత్రజని నీటిలో చేరితే ఆ నాచుకే ఎరువవుతాయి కనుక ఈ ఏర్పాటు చాలా అవసరమైనది.

పొద్దున్నే వెళ్లేవారికి ఈ చోటును నిస్సంకోచంగా సూచిస్తాను. తాగే నీళ్లూ గిన్నే వెంట ఉండాలి. పొట్టి కాళ్ల కుక్కలకు లైఫ్ జాకెట్ కూడా తెచ్చుకోవాలి, అక్కడ అద్దెకు ఇవ్వరు.