అనంతపురంలో ‘గమ్ రిమూవర్’ కొనేవారూ, జాగ్రత్త

లేబుళ్ళ జిగురు పోగొట్టే మందంటూ టవర్ క్లాక్ దగ్గర ఒక అంగడిలో చిన్న సీసా అంటగట్టారు. 180 రూపాయలు. మీకూ అలాంటిది చూపిస్తే ముట్టుకోకండి.

సీసా మీద తయారీదారు పేరు లేదు, ఎంత పరిమాణమో లేదు, ధర లేదు. లోపల ఏముందో దేవుడికే తెలియాలి. “ఏ ప్లాస్టిక్‌కైనా వాడుకోండి సార్, రెండు చుక్కలు చాలు” అన్నాడు అంగడాయన. చుక్కల సంగతి నిజమే. జిగురు పోయింది, దాంతోపాటు డబ్బాలూ పోయాయి.

కందిపప్పు, ధనియాలు పోసుకోవడానికి ఖాళీ తేనె డబ్బాలు దాచి పెట్టుకున్నాం. దూదితో ఆ మందు అద్ది రుద్దేసరికి మూత బిగించే మెడ దగ్గర ప్లాస్టిక్ పాలు కలిపినట్టు తెల్లబడింది, ఎంత కడిగినా ఆ తెలుపు పోలేదు. గాజులా మెరిసే మిఠాయి పెట్టె మూత ఇంకా ఘోరం. అది మెత్తబడి, నా బొటనవేలి ముద్ర గీతలతో సహా దిగబడింది.

వాసన అచ్చంగా గోళ్ళరంగు తుడిచే ద్రవానిదే, కాబట్టి అది అసిటోన్ అయి ఉంటుంది. డబ్బా అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకం తెలిపే అంకె ఉంటుంది, చూడండి. 1 ఉంటే పెట్ (PET) అనే రకం, అసిటోన్ తగిలితే తెల్లబారుతుంది. 6 ఉంటే పాలీస్టైరీన్, ఏకంగా కరిగిపోతుంది. 2, 5 అంకెలవి చాలావరకు తట్టుకుంటాయి. అలాంటప్పుడు “ఏ ప్లాస్టిక్‌కైనా” అని ఏ ధైర్యంతో అమ్ముతారు? పైగా దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. ఇలాంటి పనులు మనం చేసేదేమో వంటింట్లో, గ్యాస్ పొయ్యి పక్కన.

వేరుశనగ పండే జిల్లాలో ఉండి జిగురుకు ఇంత ఖర్చు దేనికసలు? లేబుల్‌ను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఒలిచేయండి. మిగిలిన జిగురుకు వేరుశనగ నూనె పట్టించి అరగంట వదిలేయండి. ఆ పైన కాస్త వంటసోడా చల్లి గుడ్డతో రుద్దితే ఉండలు కట్టి ఊడి వస్తుంది. తర్వాత సబ్బుతో కడిగితే సరి. మరిగే నీళ్ళు మాత్రం పోయకండి, 70 డిగ్రీలు దాటితే పెట్ డబ్బా వంకర తిరుగుతుంది. స్టీలు పీచు కూడా వద్దు, గీతలు పడతాయి.

పాత సామాన్లవాళ్ళకు వేసే నీళ్ళ సీసాలకు ఈ శ్రమ కూడా అక్కర్లేదు. లేబుల్ చించేస్తే చాలు. రీసైక్లింగ్ కర్మాగారాల్లో ముక్కలు చేసి కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళలో కడుగుతారు, మిగిలిన జిగురు అక్కడ పోతుంది.

ఆ మందు సీసా తిరిగి ఇవ్వబోతే “వాడిన సరుకు వాపసు తీసుకోం” అన్నాడు అంగడాయన. బిల్లు అడిగితే నవ్వాడు. వివరాలు ముద్రించకుండా ప్యాకేజీ సరుకు అమ్మడం 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలకు విరుద్ధం. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇప్పటికే కొన్నవాళ్ళు మూత గట్టిగా బిగించి, పొయ్యికీ పిల్లలకూ దూరంగా పెట్టండి. సింకులో మాత్రం పారబోయకండి.