పైపులో ఆగిన అవుట్‌పుట్‌కు ఫ్లష్, ఎస్‌టీడీబఫ్, స్క్రిప్ట్: ఏది మేలు?

గుంటూరు శివార్లలో మిర్చి టిక్కీలు నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో నాలుగు గదుల ఉష్ణోగ్రతను పది సెకన్లకొకసారి చదివి, గదికొక వరుస చొప్పున అచ్చువేసే చిన్న ప్రోగ్రాము ఒకటి లినక్స్ యంత్రం మీద నడుస్తుంది. నేరుగా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపుచేసే తెరలో) నడిపినంతకాలం దానితో ఏ ఇబ్బందీ రాలేదు. మూడో గదిలో తేజ రకం సరుకు దించిన రోజున, దాని అవుట్‌పుట్‌ను పైపు (ఒక ప్రోగ్రాము రాసినదాన్ని మరొకదానికి అందించే దారి) ద్వారా గ్రెప్ అనే వడపోత ఆదేశానికి ఇచ్చి, ఆ గది వరుసలను మాత్రం వడగట్టి ఒక ఫైలులోకి పంపి, ఆ ఫైలును కొత్త వరుసలు చేరినప్పుడల్లా చూపే ‘టెయిల్ -ఎఫ్’తో సూపర్‌వైజరు గదిలోని తెర మీద పెట్టి వచ్చాను. "పావుగంట అయిందండీ, ఒక్క అంకె కూడా రాలేదు, సెన్సరు పోయిందేమో చూడండి" అని ఆయన ఫోను చేశారు. నేను వెళ్ళి సెన్సరు తీగలన్నీ విప్పి బిగించాను. అంతా సవ్యంగానే ఉంది. ఇరవై నిమిషాలు దాటాక, ఎవరూ ఏమీ చేయకుండానే, నూట ఇరవై ఎనిమిది వరుసలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

ఇలాంటి సందర్భంలో చాలామంది మొదట టెయిల్‌ను అనుమానిస్తారు, లేదా నాలాగా తీగలను అనుమానిస్తారు. తప్పు ఆ రెండింటిలోనూ లేదు. సీ భాష ప్రామాణిక లైబ్రరీ తన అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళుతోందా, పైపులోకో ఫైలులోకో వెళుతోందా అని మొదటి రాతకు ముందే చూసుకుంటుంది. టెర్మినల్ అయితే వరుస ముగిసినప్పుడల్లా పంపుతుంది. కాకపోతే బఫర్ అనే తాత్కాలిక నిల్వలో కూడబెట్టి, అది నిండాకే పంపుతుంది. లోపాలు తెలిపే స్టాండర్డ్ ఎర్రర్ ప్రవాహానికి మాత్రం ఈ కూడబెట్టడం ఉండదు. అందుకే లోపాల సందేశాలు వెంటనే కనిపిస్తూ, అసలు సమాచారం వెనకబడిపోయే వింత తరచుగా ఎదురవుతుంది.

మా లెక్క చూస్తే ఇరవై నిమిషాల రహస్యం తేలిపోతుంది. మా వరుస పొడవు 32 బైట్లు. లినక్స్‌లో ఆ సీ లైబ్రరీ రూపమైన జీలిబ్‌సీ పైపుకు వాడే బఫర్ 4096 బైట్లు. అంటే ప్రోగ్రాము దగ్గర 128 వరుసలు చేరితేగాని మొదటి విడత బయటకు రాదు. నాలుగు గదులకు పది సెకన్లకు నాలుగు వరుసలు కాబట్టి, దానికి 320 సెకన్లు పడుతుంది. ఆ విడతలో మూడో గదివి 32 వరుసలే, అనగా 1024 బైట్లే. గ్రెప్ కూడా తన 4096 బైట్ల బఫర్ నిండేదాకా ఆగుతుంది కనుక, అలాంటి నాలుగు విడతలు రావాలి. మొత్తం 1280 సెకన్లు, అంటే 21 నిమిషాల 20 సెకన్లు. ఆగినది ఒక్క చోట కాదు, రెండు చోట్ల. గొలుసులో ఎన్ని ప్రోగ్రాములుంటే అన్ని చోట్ల ఆగవచ్చునన్న ఈ సంగతిని పట్టించుకోకుండా ఏ మందు వేసినా సగమే పనిచేస్తుంది.

కాబట్టి మందుల మంచిచెడ్డలు తూచే ముందు, ఏ కణుపు దగ్గర ఆగిందో చూడాలి. ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరే పనులను చూపే ‘స్ట్రేస్’ను నడుస్తున్న ప్రోగ్రాముకు తగిలించి, రైట్ (రాత) పిలుపులను మాత్రమే చూపమంటే సరిపోతుంది. వరుసకొక చిన్న రాత కనిపిస్తే ఆ కణుపు నిర్దోషి. ఎంతసేపటికోగాని కదలక, కదిలినప్పుడు సరిగ్గా 4096 బైట్ల ముద్ద పడితే దోషం అక్కడే ఉంది.

ఇక మార్గాలు మూడు. మొదటిది, ప్రోగ్రాముకే చెప్పడం. మూలకోడ్ చేతిలో ఉంటే సీలో బఫర్‌లో ఉన్నదాన్ని వెంటనే పంపించే (ఫ్లష్ చేసే) ‘ఎఫ్‌ఫ్లష్’ పిలవవచ్చు, లేదా మొదట్లోనే ‘సెట్‌వీబఫ్’తో వరుసవారీ పద్ధతిని నిర్ణయించవచ్చు. పైథాన్‌లో 3.3 నుంచి ప్రింట్‌కు ‘ఫ్లష్=ట్రూ’ ఇవ్వవచ్చు; కోడ్ ముట్టుకోకుండానే ‘-యూ’ గుర్తుతో నడపవచ్చు, లేదా ‘పైథాన్‌అన్‌బఫర్డ్’ అనే పర్యావరణ చలరాశిని పెట్టవచ్చు. పెర్ల్‌లో డాలరు, నిలువుగీత కలిసిన చలరాశికి ఒకటి ఇస్తే చాలు. గ్రెప్‌కు ‘--లైన్-బఫర్డ్’, సెడ్‌కు ‘-యూ’, టీసీపీడంప్‌కు ‘-ఎల్’ ఉన్నాయి. ఆక్ విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం: దాని రూపాలలో ఒకటైన గాక్‌లో ‘ఎఫ్‌ఫ్లష్’ పిలుపు సరిపోతుందిగాని, మరో రూపమైన మాక్ ఇన్‌పుట్‌ను కూడా ముద్దగానే చదువుతుంది కాబట్టి దానికి ‘-డబ్ల్యూ ఇంటరాక్టివ్’ ఇవ్వాలి. ఈ మార్గానికి ఉన్న గొప్ప గుణం, అది ఎక్కడ నడిచినా, ఎవరు నడిపినా ఒకేలా పనిచేయడం. కోడ్ మన చేతిలో లేక, ప్రోగ్రాములో అలాంటి గుర్తూ లేకపోతే ఇది మనకు అందదు.

రెండోది ఎస్‌టీడీబఫ్. గ్నూ కోర్‌యుటిల్స్‌లో 2009లో 7.5 కూర్పుతో వచ్చిన ఈ ఉపకరణాన్ని ఆదేశానికి ముందు ‘-ఓఎల్’ గుర్తుతో తగిలిస్తే, అవుట్‌పుట్ వరుసవారీగా మారుతుంది. చూడటానికి సర్వరోగ నివారిణిలా ఉంటుంది కనుక ఎవరిని అడిగినా ముందు దీన్నే చెబుతారు. ఇది పనిచేసే తీరు తెలిస్తే దీని హద్దులు కూడా తెలుస్తాయి. ప్రోగ్రాము మొదలవుతున్నప్పుడే ఒక చిన్న లైబ్రరీని దానిలోకి ముందుగా ఎక్కించి, సీ లైబ్రరీ బఫర్ పద్ధతిని మార్చడమే ఇది చేసే పని. కాబట్టి స్టాటిక్‌గా లింకు చేసిన (లైబ్రరీలన్నిటినీ తనలోనే కలుపుకున్న) ప్రోగ్రాములో ఆ లైబ్రరీ అసలు ఎక్కదు. పైథాన్ 3 తన బఫర్లను తానే నడుపుకుంటుంది కనుక ఎక్కినా ఫలితం ఉండదు. ‘టీ’ ఆదేశం వంటివి తమ బఫర్‌ను తామే నిర్ణయించుకుంటాయి కనుక ఈ మాట వినవు. క్యాట్, డీడీ వంటివి ఆ లైబ్రరీ ప్రవాహాలను వాడవు కనుక వాటికి దీనితో పనిలేదు. అన్నిటికన్నా బాధించేది ఏమిటంటే, పనిచేయనప్పుడు అది నోరు విప్పదు. ఏ హెచ్చరికా లేకుండా ప్రోగ్రాము పాత పద్ధతిలోనే నడిచిపోతుంది. కట్, టీఆర్ వంటి, సొంత గుర్తు లేని చిన్న సీ ఉపకరణాలకు మాత్రం ఇంతకంటే మంచి మార్గం లేదు.

మూడోది సూడో టెర్మినల్. ‘స్క్రిప్ట్’ ఆదేశంతోగాని, ఎక్స్‌పెక్ట్ ప్యాకేజీలోని ‘అన్‌బఫర్’తోగాని ప్రోగ్రాముకు ఒక ఉత్తుత్తి టెర్మినల్‌ను చూపిస్తే, అది నిజమైన తెర ముందున్నట్టే నడుచుకుంటుంది. టెర్మినల్‌కు వరుసవారీగా రాసే ఏ ప్రోగ్రామైనా, ఏ భాషలో రాసినదైనా, స్టాటిక్ లింకు చేసినదైనా దీనికి లొంగుతుంది. బలం ఇంత ఉన్నా, దీనికి చెల్లించే వెల కూడా పెద్దదే. అదేమిటో మా అనుభవంలోనే చూశాం.

సెన్సరు ప్రోగ్రామును ఇచ్చినవారు మూలకోడ్ ఇవ్వలేదు, దానిలో బఫర్ గుర్తు కూడా లేదు. గ్రెప్‌కు ‘--లైన్-బఫర్డ్’ ఇవ్వగానే ఆలస్యం 21 నిమిషాల నుంచి 5 నిమిషాల 20 సెకన్లకు తగ్గింది. అంటే రెండో ఆనకట్ట తొలగింది, మొదటిది మిగిలింది. దానికి ఎస్‌టీడీబఫ్ తగిలిస్తే మార్పేమీ రాలేదు. అరగంట తరువాత ‘ఫైల్’ ఆదేశంతో చూస్తే అది స్టాటిక్ లింకు చేసినదని తేలింది. ఆ ఒక్క ఆదేశం ముందే కొట్టి ఉంటే అరగంట మిగిలేది. చివరికి ‘స్క్రిప్ట్’ వాడాను. వరుసలు వెంటనే రావడం మొదలైంది. కాని టెర్మినల్ అలవాటు ప్రకారం ప్రతి వరుస చివర క్యారేజ్ రిటర్న్ అనే కంటికి కనిపించని గుర్తు చేరడంతో, ఆ ఫైలును చదివే లెక్కల పట్టిక అంకెలను అంకెలుగా తీసుకోలేదు. ఆ గుర్తును తీసేయడానికి టీఆర్‌ను పైపులో మధ్యన పెడితే, తెర మళ్ళీ ఆగిపోయింది. టీఆర్‌కు కూడా తన బఫర్ ఉంటుంది కదా! దానిని తీసేసి ‘సెడ్ -యూ’తో అదే పని చేయిస్తే కుదుటపడింది.

అంతకంటే కీడు చేసే విషయం రెండు రోజులకు బయటపడింది. లోపాల సందేశాలకు విడిగా పెట్టిన ఫైలు ఖాళీగా ఉంది. సూడో టెర్మినల్‌లో అసలు అవుట్‌పుట్, లోపాల సందేశాలు ఒకే ప్రవాహంలో కలిసిపోతాయి. అలా కలిసిన సందేశాలలో మూడో గది పేరు లేకపోవడంతో గ్రెప్ వాటిని వడగట్టి పారేసింది. సెన్సరు స్పందించకపోయినా రెండు రోజులపాటు మాకు తెలిసే అవకాశమే లేకుండా పోయింది. స్క్రిప్ట్‌కు ఇచ్చే ఆదేశం లోపలే లోపాల ప్రవాహాన్ని ఫైలుకు మళ్ళించి దీనిని సరిచేశాను. సరుకు కాపాడవలసిన చోట ఇలాంటి మౌనాన్ని నేను ఒప్పుకోలేను.

వరుసవారీగా పంపడం వల్ల వేగం పడిపోతుందన్న భయం మా వంటి పనులకు అనవసరం. పది లక్షల వరుసలను ఒక్కసారిగా దంచే ప్రోగ్రాములో మాత్రం ఆ భయం నిజమే. 32 బైట్ల వరుసలైతే, బఫర్ నిండాక పంపినప్పుడు సుమారు 7,800 రాతలతో అయ్యే పనికి పది లక్షల రాతలు కావలసి వస్తాయి. అక్కడ బఫర్‌ను ముట్టుకోకూడదు. మరో సంగతి: కరెంటు పోయినా, ప్రోగ్రామును బలవంతంగా ఆపే ‘కిల్ -9’ కొట్టినా ప్రోగ్రాము బఫర్‌లో ఉన్న వరుసలు పోతాయి కాబట్టి ఫ్లష్ మేలే. అయితే ఫ్లష్ చేసినంత మాత్రాన సమాచారం డిస్కుకు చేరదు, కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) చేరుతుంది. డిస్కు దాకా హామీ కావాలంటే ‘ఎఫ్‌సింక్’ వేరుగా పిలవాలి.

కాబట్టి నా తీర్పు ఇది. ప్రోగ్రాములోనే గుర్తు గాని, మూలకోడ్ గాని ఉంటే మరో మార్గం వెతకవద్దు. అవి లేని డైనమిక్ లింకు (నడిచేటప్పుడు లైబ్రరీని తెచ్చుకునే) సీ ఉపకరణమైతే ఎస్‌టీడీబఫ్ వాడండి, వాడాక స్ట్రేస్‌తో నిర్ధారించుకోండి. సూడో టెర్మినల్ కళ్ళతో చూసే పనికి చాలా మంచిది. రికార్డు కోసం రాసే ఫైలుకు మాత్రం పై రెండూ విఫలమయ్యాకే, లోపాల ప్రవాహాన్ని వేరుచేశాకే తీసుకోవాలి. మేము కూడా దాన్ని శాశ్వతంగా ఉంచుకోలేదు. ప్రోగ్రాము ఇచ్చినవారికి స్ట్రేస్ ముద్రణ జతచేసి, ప్రోగ్రాము మొదలయ్యే ‘మెయిన్’ భాగం మొదట్లో ఒక్క సెట్‌వీబఫ్ వరుస చేర్చమని ఉత్తరం రాశాం. మూడు వారాలకు కొత్త కూర్పు వచ్చింది. స్క్రిప్ట్‌నూ సెడ్‌నూ తీసేశాను. ఇప్పుడు పైపులో గ్రెప్ ఒక్కటే, దాని ‘--లైన్-బఫర్డ్’ గుర్తుతో మిగిలింది, స్ట్రేస్‌లో ప్రతి రాతా 32 బైట్లుగా కనిపిస్తోంది.