ఒడ్డు నుంచి దిగాలా, పడవ నుంచి దూకాలా?

వరంగల్‌లో ఈత కొలనులో స్కూబా (గాలి సిలిండరుతో నీళ్ల కింద ఈదడం) సాధన చేసి అండమాన్‌లోని హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దీవికి పోయేవాళ్లకు ముందు ఒక లెక్క. మునగడానికి ఒంటికి కట్టుకునే బరువులు మంచినీళ్లలో సరిపోయినా ఉప్పునీళ్లలో చాలవు. సామానుతో కలిపి 100 కిలోలు తూగే మనిషికి ఇంకో రెండున్నర కిలోలు కావాలి.

హావ్‌లాక్‌లోని పగడాల దిబ్బ నీమో రీఫ్‌లో ఒడ్డు నుంచే దిగొచ్చు. లోతు మెల్లగా పెరుగుతుంది, పడవ ఖర్చుండదు. తిప్పలంతా నీళ్లలోకి దిగే కాసేపే. మోకాలి లోతులో ఫిన్స్ (ఈతకు పాదాలకు వేసుకునే రెక్కలు) తొడగబోతే అల పడేస్తుంది. మాస్క్ పెట్టుకుని, రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే సాధనం) నోట్లో ఉంచుకుని, నడుం లోతుకు పోయి, జోడీగా దిగే తోటి డైవర్ భుజం పట్టుకుని ఫిన్స్ తొడగాలి. ఆటు సమయమైతే పగడాల మీద నడవాల్సి వస్తుంది. కాలూ తెగుతుంది, పగడమూ విరుగుతుంది.

పడవైతే పెద్ద అంగ వేసి దూకడమే. కడుపులో తిప్పేవాళ్లకు మాత్రం అదే నరకం. కొత్తవాళ్లకు ఒడ్డే మేలు. ఎలా దిగినా, చివరి డైవ్‌కూ హైదరాబాద్ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వదలండి.